లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, క్వింటాకు ఎన్ని రూపాయలు?

పంట ఖర్చు చెప్పమంటే మన రైతు గట్టు మీద కూర్చునే లెక్కంతా అప్పజెప్తాడు. దుక్కికి ఇంత, విత్తనానికి ఇంత, కలుపుకు ఇంత, మందులకు ఇంత, కోతకు ఇంత. పెద్దగా తేడా రాదు. అదే రైతును సరుకు మార్కెట్‌కు తోలడానికి ఎంతయిందని అడగండి. "ఏముంది, మూడు వేల డీజిల్ కొట్టించినా" అంటాడు. అక్కడితో లెక్క ముగిసింది. ఆ మూడు వేలు కూడా బంకులో జేబులోంచి తీసి ఇచ్చిన సొమ్ము. కొలిచి, రాసుకుని చెప్పిన లెక్క కాదు.

ఈసారి నేను రాస్తున్నది ఆ ఒక్క లెక్క గురించే. ఇందులో బడిలో నేర్చుకున్న కూడికలు, భాగహారాలు తప్ప వేరే విద్యేమీ అక్కర్లేదు. అయినా ఆ మాత్రం చేసుకోక మా ఇంట్లోనే ఒక బండి చేజారబోయింది.

మాది కర్నూలు జిల్లా కోడుమూరు పక్క. ఉల్లి మా ప్రధాన పంట. మా అన్న కొడుకు ఫైనాన్సులో ఒకటిన్నర టన్నుల పికప్ బండి తీసుకున్నాడు. సొంత పంట తోలుకోవచ్చు, మిగతా రోజుల్లో ఊరివాళ్ళకు బాడుగకు తిప్పుకోవచ్చు అని వాడి ఆలోచన. ఒకసారి కర్నూలు యార్డు కంటే హైదరాబాదు మలక్‌పేట మార్కెట్‌లో క్వింటాకు 400 రూపాయలు ఎక్కువ పలుకుతోందని ఫోన్‌లో తెలిసింది. 30 సంచులు, అంటే 15 క్వింటాళ్ళు బండికెత్తి రాత్రికి ఇద్దరం బయలుదేరాం. దారిలో వాడు చెప్పిన లెక్క ఇది:

"చిన్నాయనా, పదహైదు క్వింటాళ్ళకు నాలుగు నూర్ల లెక్కన ఆరు వేలు ఎక్కువొస్తాది. బండి లీటరుకు పదిహేడు ఇస్తాదని షోరూములో చెప్పినారు. రానూపోనూ ఐదు నూర్ల కిలోమీటర్లు, ముప్పై లీటర్లు చాలు. మూడు వేలు డీజిల్‌కు పోయినా మూడు వేలు మిగులుతాది."

అనుకున్న ధర నిజంగానే వచ్చింది. 400 తేడా అక్షరాలా దక్కింది. ఆ రోజు మార్కెట్‌లో మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. అయినా ఇంటికొచ్చి డబ్బు లెక్కపెట్టుకుంటే కర్నూలుకు తోలిన రోజుకూ ఈ రోజుకూ తేడా కనబడలేదు. అప్పటికే ఫైనాన్సుకు రెండు కంతులు బాకీ ఉన్నాం. బండి వాళ్ళు లాక్కుపోకముందే అమ్మేద్దామా అనే మాట ఇంట్లో నడుస్తోంది. ఆ మర్నాడే బండికి ఒక నోటు పుస్తకం పెట్టాం.

ట్యాంకు నిండా పోసి కొలవాలి

మైలేజీ కనుక్కోవడానికి నమ్మదగిన పద్ధతి ఒక్కటే. బంకులో ట్యాంకు నిండా పోయించాలి. పైపు దానంతట అదే టక్కున ఆగగానే ఆపేయాలి, పైన ఇంకో అర లీటరు కుక్కించకూడదు. మీటరు అంకె రాసుకోవాలి. వారమో పది రోజులో మామూలుగా తిరిగిన తర్వాత అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, చదునైన చోట బండి నిలబెట్టి మళ్ళీ నిండా పోయించాలి. రెండోసారి పట్టిన లీటర్లే ఈ పది రోజుల్లో కాలిన డీజిల్. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది.

మా బండి 440 కిలోమీటర్లు తిరిగితే 40 లీటర్లు పట్టింది. లీటరుకు 11. షోరూములో చెప్పిన 17 ఎక్కడా కనబడలేదు. ఆ అంకె పరీక్ష కోసం ఒక పద్ధతి ప్రకారం నడిపినప్పుడు వచ్చేది. మన గుంతల దారి, మన బరువు, యార్డు గేటు ముందు మూడు గంటల క్యూ అందులో ఉండవు.

ఇక్కడ మనం చేసే పొరపాట్లు నాలుగు ఉన్నాయి.

ఒకటి, "వెయ్యికి కొట్టు, రెండు వేలకు కొట్టు" అని పోయించడం. అలా పోయిస్తే రూపాయలు గుర్తుంటాయి, లీటర్లు గుర్తుండవు. బిల్లు అడిగి తీసుకుని లీటర్లు రాసుకోవాలి. కొలతపై అనుమానమొస్తే ప్రతి బంకులో ఐదు లీటర్ల కొలత పాత్ర ఉంటుంది. దాంట్లో పోసి చూపించమని అడిగే హక్కు మనకుంది.

రెండు, ఒక్కసారి కొలిచి తేల్చేయడం. ఒక ట్యాంకుకు అర లీటరు అటూ ఇటూ కావచ్చు. మూడు ట్యాంకుల కిలోమీటర్లన్నీ కలిపి, మూడు ట్యాంకుల లీటర్లతో భాగిస్తే ఆ తేడా సర్దుకుంటుంది.

మూడు, మీటరును కళ్ళు మూసుకుని నమ్మడం. టైర్లు అరిగినా, సైజు మార్చినా మీటరు తప్పు చూపుతుంది. హైవే మీద కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ 20 కిలోమీటర్లు పోయి మీటరుతో పోల్చండి. మా బండి మీటరు 20.6 చూపింది. అంటే వందకు మూడు ఎక్కువ. ఆ లెక్కన 440 కిలోమీటర్లు నిజానికి 427. మైలేజీ 11 కాదు, 10.7.

నాలుగోది చాలామంది పడే గుంత. మా బండి బరువుతో పోతే 10, ఖాళీగా వస్తే 14 ఇస్తుంది. రెండూ కలిపి సగం చేస్తే 12 అనుకుంటాం. అది తప్పు. 250 కిలోమీటర్లు 10 లెక్కన 25 లీటర్లు. తిరిగి 250 కిలోమీటర్లు 14 లెక్కన దాదాపు 18 లీటర్లు. మొత్తం 43 లీటర్లు. 500ను 43తో భాగిస్తే 11.6 వస్తుంది. బరువుతో పోయే దారిలోనే డీజిల్ ఎక్కువ కాలుతుంది కాబట్టి లెక్క అటువైపే మొగ్గుతుంది. ఎప్పుడైనా లీటర్లను కలపాలి గానీ మైలేజీలను కలపకూడదు.

డీజిల్ సగం కూడా కాదు

లీటరు 97 రూపాయలు అనుకుందాం. 11 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 8 రూపాయల 82 పైసలు. మా వాడు అదే ఖర్చు అనుకున్నాడు. పుస్తకం పెట్టి మిగతావి కూడా వేసి చూశాం. బండి ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరుగుతుందని, ఎనిమిదేళ్ళు ఉంచుకుంటామని వేసిన లెక్క ఇది:

టైర్లు: నాలుగింటికి 28,000. నలభై వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 70 పైసలు.

ఇంజనాయిలు, ఫిల్టర్లు, సర్వీసు: పది వేల కిలోమీటర్లకు 6,500. కిలోమీటరుకు 65 పైసలు.

క్లచ్, బ్రేకులు, కమాను పట్టీలు, బ్యాటరీ వంటి రిపేర్లు: ఏడాదికి 20,000. కిలోమీటరుకు రూపాయి.

ఇన్సూరెన్సు, ట్యాక్సు, ఫిట్‌నెస్: ఏడాదికి 40,000. కిలోమీటరుకు 2 రూపాయలు.

బండి విలువ తరుగు: 9,50,000కు కొన్న బండి ఎనిమిదేళ్ళకు 2,70,000కు పోతుందనుకుంటే పోయేది 6,80,000. కిలోమీటరుకు 4 రూపాయల 25 పైసలు.

ఫైనాన్సు వడ్డీ: మొత్తం 2,24,000. కిలోమీటరుకు రూపాయి 40 పైసలు.

ఇవన్నీ కూడితే సరిగ్గా 10 రూపాయలు. డీజిల్‌తో కలిపి కిలోమీటరుకు 18 రూపాయల 82 పైసలు. బంకులో ఇచ్చే డబ్బు అసలు ఖర్చులో సగం కూడా లేదు. మిగిలిన సగం బండిలోంచి కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. కంతు కట్టే రోజు, టైరు పేలిన రోజు, ఇన్సూరెన్సు ముగిసిన రోజు ఒక్కసారిగా మీద పడుతుంది. అప్పుడు మనం "ఈ నెల కలిసిరాలేదు" అంటాం.

ఈ పది రూపాయల్లో రెండు రకాలున్నాయి. టైర్లు, ఆయిలు, రిపేర్లు కలిపి 2 రూపాయల 35 పైసలు బండి కదిలితేనే అయ్యే ఖర్చు. మిగతా 7 రూపాయల 65 పైసలు బండి ఇంటి ముందు నిలబడినా దాదాపుగా అయ్యేదే. ఏడాదికి 1,53,000 రూపాయలు. కాబట్టి "ఈ రాత్రి హైదరాబాదు పోదామా, వద్దా" అనే ప్రశ్నకు కదిలితే అయ్యే ఖర్చు చూసుకోవాలి. "బండి కొనాలా, వద్దా", "బాడుగ ఎంత తీసుకోవాలి" అనే ప్రశ్నలకు మొత్తం ఖర్చు చూసుకోవాలి. ఈ రెండూ కలగాపులగం చేస్తే రెండు చోట్లా తప్పు జవాబే వస్తుంది.

ఆ హైదరాబాదు ట్రిప్పు అసలు లెక్క

ఇప్పుడు ఆ రాత్రి సంగతికి వద్దాం. రాకపోకలకు 43 లీటర్లు, హైదరాబాదు ట్రాఫిక్‌లో, మార్కెట్ క్యూలో ఇంకో లీటరు. 44 లీటర్లకు 4,268 రూపాయలు. పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్‌గేట్లలో రానూపోనూ సుమారు 900. ఇద్దరి తిండి, టీలు 600. టైర్లు, ఆయిలు, రిపేర్ల కింద 500 కిలోమీటర్లకు 1,175. మొత్తం 6,943.

అదే సరుకు కర్నూలుకు తోలితే 42 కిలోమీటర్లు పోవడం, 42 రావడం. క్యూతో కలిపి 8 లీటర్లు, 776 రూపాయలు. టైర్లు, ఆయిలు, రిపేర్లు 197. టీ ఖర్చు 100. మొత్తం 1,073.

రెండింటికీ తేడా 5,870. హైదరాబాదులో ఎక్కువొచ్చింది 6,000. మిగిలింది 130 రూపాయలు. ఇద్దరు మనుషులు ఒక రాత్రి నిద్ర మాని, ఒక పగలంతా పోగొట్టుకుంటే వచ్చిన ఫలితం ఇది. ఇద్దరి కూలి వేసుకుంటే నష్టమే. బండి తరుగు, వడ్డీ, ఇన్సూరెన్సు వాటా కూడా అదనపు 416 కిలోమీటర్లకు వేస్తే 3,000 పైచిలుకు చేతి నుంచి పడింది. కమీషన్, హమాలీ రెండు చోట్లా ఉన్నవే కాబట్టి వాటిని ఇందులో కలపలేదు.

దీన్నిబట్టి దూరపు మార్కెట్‌కు పోవద్దని నేననడం లేదు. ఒంటరిగా, చిన్న బండిలో పోవద్దంటున్నాను. ఆ మరుసటి పంటకు ఆరుగురం కలిసి 100 క్వింటాళ్ళు ఒక లారీకెత్తాం. లారీ రానూపోనూ సగటున లీటరుకు 6 ఇస్తే 500 కిలోమీటర్లకు 83 లీటర్లు పైన, 8,083 రూపాయలు. క్వింటాకు డీజిల్ ఖర్చు 81 రూపాయలు. అదే పికప్‌లో పోతే 285. లీటరుకు 11 ఇచ్చే బండి కంటే 6 ఇచ్చే బండే మనకు చౌక పడింది. అందుకే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే దగ్గరే ఆగిపోకూడదు. చివరికి క్వింటాకు ఎన్ని రూపాయలు పడిందన్నదే మనకు కావలసింది.

బాడుగలో పోయిన సొమ్ము

పుస్తకం చూశాక మా వాడికి ఇంకో సంగతి అర్థమైంది. ఊరివాళ్ళకు రానూపోనూ కిలోమీటరుకు 15 రూపాయలకు బాడుగ తిప్పుతున్నాడు. ఖర్చేమో దాదాపు 19. తిరిగిన ప్రతి కిలోమీటరుకూ నాలుగు రూపాయలు తన చేతి నుంచి వేసుకుంటున్నాడు. బండి ఎంత తిరిగితే అంత సంపాదన అనుకుని రాత్రింబగళ్ళు తిప్పాడు. కంతులు బాకీ పడింది అందుకే.

బాడుగ 22 చేశాడు. వెంటనే ఊళ్ళో సణుగుడు మొదలైంది. "మన పిల్లోడే కదా, మనకే రేటు పెంచుతాడా" అని నాకే చెప్పారు. వాళ్ళూ రైతులే, మన సంఘం సభ్యులే. వాళ్ళ మాట తప్పని నేననను. సరుకు తోలేవాడిదీ, బండి నడిపేవాడిదీ ఒకే కష్టం. కానీ 19 ఖర్చయ్యే బండిని 15కు తిప్పమంటే ఆ నాలుగు రూపాయలు ఒక రైతు ఇంటి నుంచి ఇంకో రైతు ఇంటికి పోతున్నాయి, అంతే. మధ్యలో ఫైనాన్సు కంపెనీ వడ్డీ ఏమీ తగ్గదు. చివరికి ఒప్పందం కుదిరింది: బండి నిండితేనే కదలాలి. 22 లెక్కన కర్నూలు ట్రిప్పు 1,848 రూపాయలు. 15 క్వింటాళ్ళుంటే క్వింటాకు 123. ఎనిమిది క్వింటాళ్ళతో ఒక్కడే పోతే 231. ఇద్దరు కలిసి పోతే బాడుగ పెరిగినా ఎవరికీ భారం కాలేదు.

సొంత బండి కొందామనుకునే యువరైతులకు ఒక మాట. ఐదెకరాల ఉల్లి, ఎకరాకు 60 క్వింటాళ్ళ లెక్కన 300 క్వింటాళ్ళు. 20 ట్రిప్పులు, 1,680 కిలోమీటర్లు. దీనికోసం ఏడాదికి లక్షా యాభై వేలకు పైగా నిలబడి తినే బండి అక్కర్లేదు. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరిగినా ఆ నిలబడి తినే ఖర్చే కిలోమీటరుకు 25 రూపాయల 50 పైసలు పడుతుంది. దానిమీద డీజిల్, టైర్లు వేరే. ఇరవై వేల కిలోమీటర్ల పని చేతిలో ఉందా అని ముందు పుస్తకంలో రాసుకుని, తర్వాత షోరూముకు పోండి.

ట్రాక్టరుకు, మోటారు సైకిలుకు

ట్రాక్టరుకు కిలోమీటర్లు పనికిరావు, గంటకు ఎన్ని లీటర్లు, ఎకరాకు ఎన్ని లీటర్లు అని చూడాలి. ట్యాంకు నిండా పోసి, పని చేసి, మళ్ళీ నిండేదాకా కొలిచి పోయండి. పాత ట్రాక్టర్లలో అవర్ మీటరు ఇంజను తిరిగే వేగాన్నిబట్టి నడుస్తుంది. ఇంజను నెమ్మదిగా తిరిగితే గంట పని గంటగా చూపదు. అందుకే చేతి గడియారం కూడా చూసుకోవాలి. మా 45 హార్స్‌పవర్ ట్రాక్టరు ట్రాలీతో గంటకు 4 లీటర్లు తాగుతుంది. కర్నూలుకు పోయి రావడానికి 17 లీటర్లు, 1,649 రూపాయలు. 45 క్వింటాళ్ళు పట్టుకుపోతే క్వింటాకు 37. పికప్‌లో 52. డీజిల్ వరకు ట్రాక్టరే నయం. కానీ తారు రోడ్డు మీద వెనక టైర్ల గుళ్ళు త్వరగా అరిగిపోతాయి, రోజంతా పోతుంది. రాత్రిపూట ట్రాలీ వెనక రేడియం స్టిక్కరు కూడా లేకుండా పోవడం ప్రాణానికే చేటు.

మోటారు సైకిలును మనం లెక్కలోకే తీసుకోం. 2025 ఖరీఫ్‌లో యూరియా కోసం ఎన్నిసార్లు తిరిగామో గుర్తు చేసుకోండి. 12 కిలోమీటర్ల దూరంలోని దుకాణానికి మూడుసార్లు పోయొస్తే 72 కిలోమీటర్లు. లీటరుకు 45 వచ్చే బండికి 1.6 లీటర్లు. పెట్రోలు 110 లెక్కన 176 రూపాయలు. దొరికిన 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. దాని మీద రవాణా 176, మూడు రోజుల పని చెడగొట్టుకున్నది వేరే. యూరియా చౌకగా ఇస్తున్నామని చెప్పేవాళ్ళకు ఈ లెక్క చూపించాలి.

లెక్క రాస్తే ధర వస్తుందా?

ఈ మాటలు మండల సమావేశంలో చెప్పినప్పుడు ఒక పెద్దాయన లేచి అడిగారు: "గిట్టుబాటు ధర ఇవ్వని ప్రభుత్వాన్ని వదిలేసి, రైతుకు పొదుపు పాఠాలు చెప్తున్నావా?" ఆ ప్రశ్న న్యాయమైనదే. రైతు కష్టాలకు రైతు తెలివితక్కువతనమే కారణమని చెప్పే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. వాళ్ళకు నా పుస్తకం ఆయుధం కాకూడదు. పుస్తకం రాసినంత మాత్రాన ఉల్లి ధర పైసా పెరగదు.

కానీ పుస్తకం లేకపోతే అడిగేటప్పుడు మన చేతిలో ఏముంటుంది? కేంద్రం ఏటా మద్దతు ధరలు ప్రకటించేటప్పుడు ఏ2+ఎఫ్‌ఎల్ ఖర్చులో ఏమేమి కలిపిందో జాబితా ఇస్తుంది. కూలీలు, ఎడ్లు, యంత్రాల బాడుగ, కౌలు, విత్తనాలు, ఎరువులు, నీటి చార్జీలు, పనిముట్ల తరుగుదల, పెట్టుబడి మీద వడ్డీ, పంపుసెట్ల డీజిల్, కరెంటు, ఇంటివాళ్ళ శ్రమ అందులో ఉంటాయి. సరుకు మార్కెట్‌కు తోలిన ఖర్చు అని ఆ జాబితాలో విడిగా ఒక్క మాట కనబడదు. ఖర్చు మీద యాభై శాతం కలపాలని స్వామినాథన్ కమిషన్ చెప్పింది, ఆ ఖర్చు సీ2 కావాలని మనం పోరాడుతున్నాం. ఆ పోరాటంలో యార్డు దాకా అయ్యే ఖర్చును కూడా పేరుపెట్టి అడగాలి. ఉల్లికైతే ఆ మద్దతు ధర కూడా లేదు. 2025లో ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటా 1,200కు కొంటామంది. పికప్ బాడుగ 123 పోతే అందులో పదో వంతు దారిలోనే పోయినట్టు.

డీజిల్ సంగతీ అంతే. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసినప్పుడు లీటరు 60కి కాస్త అటూ ఇటూ ఉండేది. 2021 బడ్జెట్‌లో లీటరు డీజిల్ మీద 4 రూపాయలు వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు వేశారు. ఆ సెస్సు ట్రాక్టరుకు పోసుకునే రైతు కూడా కడుతున్నాడు. మా హైదరాబాదు ట్రిప్పులో ఆ ఒక్క సెస్సే 176 రూపాయలు, మాకు మిగిలిన 130 కంటే ఎక్కువ. తెలంగాణలో డీజిల్ మీద 27 శాతం వ్యాట్. ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, పైన రూపాయి రోడ్డు సెస్సు. రూపాయి రోడ్డు సెస్సు కట్టి గుంతల్లో బండి నడిపి మైలేజీ పోగొట్టుకుంటున్నాం.

వేటకు పోయే మత్స్యకారుల పడవలకు ఆంధ్రప్రదేశ్‌లో లీటరు డీజిల్ మీద 9 రూపాయల సబ్సిడీ తెచ్చుకున్నారు. అది వాళ్ళ హక్కు, నేను తప్పుపట్టడం లేదు. సముద్రంలో కాలే డీజిల్‌కు ఉన్న న్యాయం చేలో కాలే డీజిల్‌కు ఎందుకు లేదని అడుగుతున్నాను. 2018-19 బడ్జెట్‌లో 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. టమాటా, ఉల్లి, బంగాళదుంప రవాణా ఖర్చులో సగం సబ్సిడీ అన్నారు. మన ఊళ్ళో ఒక్క రైతుకు ఆ డబ్బు ముట్టిందా? ముట్టాలన్నా ఎన్ని క్వింటాళ్ళు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు అనే కాగితం చూపాలి. ఆ కాగితం మన దగ్గర లేదు.

కాబట్టి సంఘానికి నా ప్రతిపాదన ఇది. ప్రతి గ్రామ కమిటీలో ఐదుగురు రైతులు ఈ పంటకాలం మొత్తం బండి పుస్తకం రాయాలి. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, మీటరు అంకె, పోసిన లీటర్లు, సరుకు ఎన్ని క్వింటాళ్ళు, టోలు, బాడుగ, యార్డులో ఎన్ని గంటలు నిలబడ్డాం. ఈ ఎనిమిది గడులు చాలు. డీజిల్ బిల్లులు, యార్డు పట్టీలు ఒక కవరులో దాచాలి. మండల కమిటీ వాటిని కూడి, పంటవారీగా క్వింటాకు ఎంత రవాణా పడుతోందో తేల్చాలి. ఆ అంకెలు పట్టుకుని మూడు కోరికలు అడుగుదాం: సాగుకు వాడే డీజిల్ మీద సెస్సు, వ్యాట్ తిరిగి ఇవ్వాలి, మద్దతు ధర లెక్కలో యార్డు దాకా రవాణాను పేరుపెట్టి చేర్చాలి, ప్రభుత్వం కొనే పంటకు కొనుగోలు కేంద్రం ఊరి దగ్గరే పెట్టాలి, లేదంటే రవాణా ఖర్చు ఇవ్వాలి.

మా బండి బాకీ కంతులు తీరడానికి ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు కొత్త కంతులు తేదీకి పోతున్నాయి, పెద్దగా మిగులుతోందని చెప్పను. మొన్న ఒక రాత్రి మా వాడు ఫోన్ చేశాడు. "చిన్నాయనా, హైదరాబాదులో మూడు నూర్లు ఎక్కువుందంట. పుస్తకం చూసినా. లారీ నిండేదాకా ఆగుతాం" అన్నాడు. వచ్చే నెల సమావేశానికి మీ పుస్తకాలు తీసుకురండి. మాది నేను తెస్తాను.